తోక మీది బరువు

మధ్యాహ్నానికి ఇంకా మూడు గంటలుంది. కొత్త గది కప్పు కూలి ఆఫీసరొకడు చచ్చినందుకు, సూర్యుడు నడినెత్తికి రాగానే పెద్ద మేస్త్రీ ఉబైషత్‌ని కొయ్యకెక్కిస్తామని కోట కట్టిస్తున్న శతాధిపతి రుఫినస్ నిన్ననే చాటించాడు. గవర్నరు తరఫున నేరాలు విచారించే మొకీమస్ గుర్రం దిగుతూనే చూసింది ఆ కొయ్యనే. కోట గుమ్మానికి ఎదురుగా పాతి ఉంది. ఈ నల్లరాతి నేలలో కర్ర దొరకదు. గదుల కప్పులూ చివరికి తలుపులూ కూడా రాతితోనే చేసుకుంటున్నవాళ్ళు, మనిషిని చంపడానికి మాత్రం ఎక్కణ్ణించో ఒక దుంగ సంపాదించారు.

గవర్నరుగారి ఈటె చేతిలో ఉన్నవాణ్ణి ఆపే అధికారం కాపలావాళ్ళకి లేదు. మొకీమస్ లోపలికి నడిచి, నిన్న పొద్దున గుమ్మం దగ్గర కాపలా ఎవరని అడిగాడు.

"నేనేనండి. బాసస్." పొట్టి మనిషి. బుగ్గన రొట్టెముక్క ఇంకా ఉంది.

"ఏం జరిగిందో వరసగా చెప్పు. నీకేమనిపించిందో నాకొద్దు."

"అయితే కథ చిన్నదేనండి. తెల్లవారుజామున మొదటి కొమ్ము ఊదగానే గోడ మీద రాత్రి కాపలా దిగిపోయింది. మేస్త్రీలంతా అప్పటికే రాతిగనికి పోయారు. ఎండెక్కాక అక్కడ పని చెయ్యలేరు కదా. పొద్దెక్కిన రెండో గంటకి టౌరినస్ గారు వచ్చారు, కొలతలు చూసే ఆఫీసరు. చంకలో మైనపు పలక. ఆ దక్షిణం గదిలోకెళ్ళి తలుపు లాక్కున్నారు. తలుపు పడ్డ చప్పుడూ, కప్పు పడ్డ చప్పుడూ. మధ్యలో తుమ్మడానికి కూడా వ్యవధి లేదండి."

"ఆ గది ఆయనదేనా?"

బాసస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రుఫినస్ దొరగారిదండి. రోజూ రెండో గంటకి వెళ్ళి తలుపేసుకుని రాతపని చూసుకుంటారు. నిన్న ఆయన కడుపు పాడైంది. మేకపాలు పడలేదట. పొద్దుణ్ణించీ మరుగుదొడ్డి వదల్లేదు. ఆ మేకకి దణ్ణం పెట్టుకోవాలండి ఆయన."

"ఇప్పుడెక్కడ కూర్చుంటున్నాడు?"

"తూర్పు బురుజు ఇంకా పైకి లేవలేదండి, దాని కింద గదిలో. నిన్న సాయంత్రమే బల్ల మార్పించారు. ఇవాళ ఈ కొయ్య పనిలో పడి ఇంకా అటు వెళ్ళలేదు."

"పట్టుకున్నప్పుడు మేస్త్రీ ఏమన్నాడు?"

"గనిలోంచి ఈడ్చుకొచ్చామండి. నా కప్పు పడదు, ముప్పై ఏళ్ళలో ఒక్కటీ పడలేదు అని ఒకటే అరుపు. సరే చూసుకోమని గోడ పైకెక్కించాం. చూశాడు, దిగాడు. దిగాక ఒకే మాట. తప్పు నాదే అని. అంతే, ఇంక నోరు విప్పలేదు."

మొకీమస్ ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. గోడ ఎక్కకముందు ఒక మాట, దిగాక ఇంకో మాట.

ఉబైషత్‌ని చెక్కని రాళ్ళ మధ్య ఎండలో కూర్చోబెట్టారు. గొలుసు ఎడమచేతికి వేశారు, వాటం ఆ చేతిదే గనక. అరవై దగ్గరపడ్డ మనిషి. కనుబొమల్లో కూడా రాతిపొడి. మొకీమస్ తన తోలుతిత్తిలో నీళ్ళు అతనికి పట్టించి పక్కనే కూర్చున్నాడు.

"కప్పు ఎందుకు పడింది మేస్త్రీ?"

"తోక మీద బరువు పెట్టడం మర్చిపోయానయ్యా."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

ముసలివాడి చేతులు అలవాటుకొద్దీ లేచాయి, గొలుసు గుంజింది. "మా రాయి పొడుగు రాదయ్యా. గది ఈ గోడ నుంచి ఆ గోడకి అందదు. అందుకని రెండు గోడల్లోంచీ ముక్కురాళ్ళు లోపలికి పొడుస్తాం. దూలం వాటి ముక్కు మీద కూర్చుంటుంది. ముక్కుకి భారం పడితే తోక లేస్తుంది కదా. అందుకని గోడలో ఉన్న తోక మీద బరువు రాళ్ళు పెట్టాలి. పైవరసలు కట్టేదాకా ఆ బరువే ప్రాణం."

"అది ఎన్నో ఏట నేర్చుకున్నావు?"

"ఏడో ఏట."

"ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసి, ఏడో ఏట నేర్చుకున్నది మొన్న మర్చిపోయావా?"

"ముసలితనం."

"మొన్న సాయంత్రం టౌరినస్ ఆ కప్పు చూసి పలక మీద రాసుకున్నాడు. రాళ్ళ కింద ఆ పలక దొరికిందని దారిలోనే చెప్పారు నాకు. ప్రతి తోక మీదా రెండేసి రాళ్ళున్నాయని రాశాడు. నువ్వు మర్చిపోలేదు. తర్వాత ఎవరో తీశారు. ఎవరు?"

ఉబైషత్ కళ్ళు మూసుకున్నాడు. "అయ్యా, మీరు మంచివారిలా ఉన్నారు. వెళ్ళిపోండి. ఒక్క పొద్దులో అయిపోతుంది నాకు. ఎవరికీ నష్టం లేదు."

"కొయ్య మీద ఒక్క పొద్దులో అయిపోదు మేస్త్రీ. రెండు రోజులు పడుతుంది."

ముసలివాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గోడ పైకి నిచ్చెన మెట్లున్నాయి. బాసస్ ముందు ఎక్కాడు, మొకీమస్ వెనక. కప్పు పడిన చోట గోడ అంచు నోరు తెరుచుకుని ఉంది. ఉత్తరం వైపు మూడు ముక్కురాళ్ళు జారి కిందికి పోయాయి. దక్షిణం వైపు మూడూ బరువులతో సహా అలాగే ఉన్నాయి. జారిపోయిన వాటి బరువు రాళ్ళు ఆరు, గోడ మీద కాపలావాళ్ళు తిరిగే నడవలో వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటి ఒక గింజల మూటంత బరువుంటుంది. గడ్డపార తెలిసిన మనిషి ఒంటరిగా దొర్లించగలడు.

మొకీమస్ చాలాసేపు వాటినే చూశాడు. ఆరింటికీ గోడ మీద కూర్చున్న ముఖం, మట్టి అంటుకున్నది, పైకి తిరిగి ఉంది.

"బోర్లా పెట్టారేంటి?"

బాసస్ నవ్వాడు. "అదే ముసలాడి పిచ్చండి. గోడ మీంచి దింపిన ప్రతి రాయీ బోర్లా పెట్టాలంటాడు. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఏ ముఖం కూర్చోవాలో వెతుక్కోనక్కర్లేదట. వాళ్ళ నాన్న నేర్పాడట. మేమైతే విసిరేస్తాం, తిట్లు తింటాం. ఆ పక్క మేస్త్రీలు కూడా అలా పెట్టరు. అది వాళ్ళింటి పద్ధతి. అంటే తీసింది వాడేనన్నట్టేగా అయ్యా?"

ఉబైషత్ ఇక్కడ ఏం చూసి దిగాడో ఇప్పుడు తెలిసింది. తన ఇంటి చెయ్యి చూశాడు.

వంగి ఒక రాయిని పక్కకి దొర్లించాడు. అడుగున పలచగా, ఉల్లిపొరలాగా ఎండిన బురద అంటుకుని ఉంది. రెండోదీ అంతే. ఆరూ అంతే. కాలితో నడవ మీది దుమ్ము తట్టాడు. పొడి దుమ్ము, రాయికి అంటుకునే రకం కాదు.

"ఇక్కడ మంచు ఎప్పుడు పడుతుంది బాసస్?"

"ఎండాకాలం కదండి. తెల్లారగట్ల ఇంత తడుస్తుంది. సూర్యుడు రాగానే ఆవిరైపోతుంది."

"అంటే ఈ రాళ్ళు దింపినప్పుడు దుమ్ము తడిగా ఉంది. రాత్రి కాపలావాళ్ళు దిగాక, సూర్యుడు రాకముందు. ఉబైషత్ అప్పుడెక్కడున్నాడు?"

బాసస్ నోరు తెరిచాడు. "గనిలోనండి. నలభై మంది మధ్య."

"కొమ్ము ఊదాక గోడ మీదకి ఎవరొస్తారు?"

"ఎవరూ రారండి. మట్టి కలపడానికి తొట్లలో నీళ్ళు నింపేవాళ్ళు తప్ప."

మొకీమస్ మెట్లు దిగి, కూలిన గదిలోకి వంగి దూరాడు. విరిగిన దూలాల మధ్య టౌరినస్ పడిన చోటు ఎవరో ఊడ్చారు. పూర్తిగా పోలేదు. రాతి తలుపు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, పైనా కిందా తిరిగే రాతి మేకుల మీద. మొకీమస్ దాన్ని కొద్దిగా తెరిచి మూశాడు. మెల్లగా మూసినా గోడ అరికాళ్ళకి తెలిసేలా అదిరింది. బరువు తీసిన ముక్కురాయి కింద చిన్న చీలిక రాయి పెడితే పొద్దున్నుంచి రెండో గంటదాకా ఆగుతుంది. తలుపు పడే దెబ్బకి ఆగదు. తలుపు వేసుకున్నవాడు లోపలే ఉంటాడు.

తలుపు పైన గోడలో ఒక రాయి మిగతావాటిలా లేదు. గనిలోంచి తెచ్చింది కాదు, బయలు మీద వందల ఏళ్ళు ఎండకి మాడిన గుండ్రాయి. సగం ముఖం ఉలితో చదును చేశారు. మిగతా సగం మీద గీతల్లాంటి సన్నటి అక్షరాలు. ఎడారి మనుషుల రాత. కోటలో ఎవరికీ రాదు. మొకీమస్ తల్లి ఆ జనంలోదే, అందుకని అతనికి వచ్చు. వేలితో తడుముతూ చదివాడు.

*...కోసం. తల్లి గమీలత్ ఏడ్చి ఈ రాయి పెట్టింది. దీన్ని చెరిపినవాడికి చూపు పోవాలి.*

ఎవరి కోసమో ఆ పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఉలిదెబ్బలున్నాయి. అన్నీ ఒకే వాలుగా, ఎడమ నుంచి కుడికి.

సమాధి గుట్టలు. ఒక మనిషి పోతే అయినవాళ్ళంతా తలా ఒక రాయి తెచ్చి పేరుస్తారు. అటువంటి గుట్టల్ని బళ్ళకెత్తించి కోటకి తెచ్చారన్నమాట. గని తవ్వే కష్టం తప్పుతుంది. ఏరిపెట్టిన రాయి కదా.

"బాసస్, గమీలత్ అంటే ఎవరు?"

"నీళ్ళావిడండి. రెండు గాడిదలతో ఊట నుంచి తెస్తుంది. మేస్త్రీ చెల్లెలు. ఎడారివాడికిచ్చి చేశారట. మొగుడూ పోయాడు, కొడుకూ పోయాడు. దొరగారి కూజా కూడా ఆవిడే నింపుతుంది. ఏమండీ, ఏదైనా..."

"ఏమీ లేదు. నోరు కడుక్కో, బుగ్గన రొట్టె ఉంది."

రుఫినస్ కొయ్య దగ్గరే నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి. కడుపు పాడైన నీరసం ఇంకా మొహంలో ఉంది.

"ఏమయ్యా మొకీమస్, రాళ్ళు లెక్కపెట్టడం అయిందా?"

"అయింది శతాధిపతి గారూ. కప్పు పొరపాటున పడలేదు. బరువు రాళ్ళు ఎవరో కావాలని తీశారు."

"శభాష్. నిన్నటి నుంచీ నేను అసమర్థుడనుకుంటున్నాను వాణ్ణి. ఇప్పుడు హంతకుడని నువ్వు తేల్చావు. కొయ్య ఎలాగూ పాతే ఉంది."

"తీసినప్పుడు అతను గనిలో ఉన్నాడు. నలభై మంది సాక్ష్యం. మీ సిపాయిలే అక్కణ్ణించి ఈడ్చుకొచ్చారు."

"అయితే ఇంకెవరు?"

పేరు చెబితే ఆ కొయ్య మీద మనిషి మారుతుంది, అంతే. ఆమె మాట వినకుండా ఆ పని చెయ్యడం అతనికి ఇష్టం లేకపోయింది.

"ఇంకా తేలలేదు."

"తేలదు. ఎందుకంటే వాడే చేయించాడు, వాడే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి కాదు కాదని బతిమాలే విచారణాధికారిని నిన్నే చూస్తున్నాను. ఇక్కడివాళ్ళ రక్తం నీలో సగం ఉందటగా. అందుకా?"

"మీరు ఒకటి మర్చిపోతున్నారు. ఆ గది మీది. ఆ గంట మీది. చావాల్సింది టౌరినస్ కాదు."

రుఫినస్ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మేస్త్రీని ఇప్పుడు చంపితే, మిమ్మల్ని చంపాలనుకున్నవాడు మీ కోటలోనే నిక్షేపంగా ఉంటాడు," అన్నాడు మొకీమస్. "గవర్నరుగారి దగ్గర నుంచి జవాబు వచ్చేదాకా అతన్ని ముట్టుకోవద్దు. ఇది సలహా కాదు." ఈటె మొదలు నేల మీద ఆనించాడు.

చుట్టూ ఉన్న సిపాయిలు వేరే వైపు చూస్తూ నిలబడ్డారు. రుఫినస్ నేల మీద ఉమ్మేశాడు.

"సరే. నాలుగు రోజులు. కానీ ఎండలో కూర్చోబెట్టి వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడనివ్వను. వాణ్ణి రాతి మధ్యే పెడతాను, వాడికి ఇష్టమైన చోటే." వెనక్కి తిరిగాడు. "తీసుకెళ్ళండ్రా వాణ్ణి!"

మొకీమస్ మనసు కొంచెం తేలికపడింది. నాలుగు రోజుల్లో చాలా చెయ్యవచ్చు.

గమీలత్ పడమటి గోడ నీడలో గాడిదల వీపు మీంచి తిత్తులు దింపుతోంది. యాభై దాటి ఉంటుంది. అన్నలాగే వెడల్పాటి మణికట్లు.

"అమ్మా, నీతో మాట్లాడాలి."

"మాట్లాడండయ్యా. చెయ్యి ఆగదు, ఏమనుకోకండి. నీళ్ళు ఎండలో ఉంటే తగ్గిపోతాయి."

మొకీమస్ ఆమె ఎడారి మాటలోనే అడిగాడు. "దక్షిణం గదిలో తలుపు పైన ఉన్న రాయి చదివాను."

ఆమె చెయ్యి ఆగింది. మొహం తిప్పలేదు.

"మీకు చదవడం వచ్చా?"

"మా అమ్మ నేర్పింది."

"ఇన్నాళ్ళకి ఒకరు చదివారు." తిత్తి మూతి ముడి వేసింది, మళ్ళీ విప్పింది. "రోజూ కూజా నింపడానికి వెళ్ళేదాన్ని. ఒకరోజు తలెత్తితే నా పేరు కనబడింది. వాడి పేరు లేదు."

"వాడి పేరేంటమ్మా?"

"చెప్పను. రాయి మీద ఉండాల్సిన పేరు. నోట్లో తిప్పుకునేది కాదు." తిత్తిని గోడకి ఆనించింది. "గుట్ట మీద చెయ్యి వెయ్యొద్దని ఆ పెద్దదొర కాళ్ళు పట్టుకున్నాను. ఎడారి నిండా రాళ్ళే, ఇంకో కుప్ప పేర్చుకో అన్నాడు. కొలతలాయన పాపం ఒకసారి నా గాడిద గిట్టకి కట్టు కట్టాడు. ఆయన ఎందుకెళ్ళాలి ఆ గదిలోకి?"

అది ఒప్పుకోలే. ఇద్దరికీ తెలుసు.

"ఆ ఉలిదెబ్బలు ఎడమచేతివి," అన్నాడు మొకీమస్.

గమీలత్ ఇప్పుడు అతని కళ్ళలోకి చూసింది. "అన్నయ్యకి ఎడారి రాత రాదు. బండి మీద వచ్చిన రాయి, చదును చెయ్యమన్నారు, చేశాడు. మేనల్లుడంటే ప్రాణం ఆయనకి. అన్నయ్యకి తెలియదు. తెలియకూడదు."

"నీకోసం కొయ్యకెక్కడానికి సిద్ధపడ్డాడు."

"నేను ఎక్కనిస్తానా అయ్యా? మధ్యాహ్నం అయ్యేలోపల..." అంటూ ఆగిపోయింది.

మొకీమస్ ఆ ఆగడాన్ని పట్టించుకోలేదు. అతని మనసు ఆమెకి కాస్త ఊరటనిచ్చే మాట వెతుకుతోంది. "ఈ రోజు కొయ్య లేదమ్మా. నాలుగు రోజులు గడువు తీసుకున్నాను. అతన్ని గదిలో పెట్టి తలుపు వేస్తున్నారు, అంతే."

"ఏ గదిలో?"

మొకీమస్ తూర్పు బురుజు వైపు చూశాడు. రాతి తలుపు పెట్టడం పూర్తయినవి ఈ కోటలో రెండే గదులు. ఒకటి కూలింది. రెండోదానిలోకి నిన్న సాయంత్రం రుఫినస్ బల్ల మారింది. ఆ తర్వాత మళ్ళీ ఒక తెల్లవారుజాము గడిచింది.

ఆమె అప్పటికే పరుగెత్తుతోంది. "తలుపు వెయ్యొద్దు! వెయ్యొద్దర్రా! అన్నయ్యా, బయటికి రా!"

మొకీమస్ ఆమెని దాటాడు. తూర్పు బురుజు దగ్గర ఇద్దరు సిపాయిలు భుజాలు ఆనించి తలుపు నెడుతున్నారు. సందు జానెడుంది. రుఫినస్ పక్కన నిలబడి అరుపు ఎటు నుంచోనని చూస్తున్నాడు. మొకీమస్ ఈటెని ఆ సందులో పెట్టాడు. తలుపు దాన్ని కొరికింది. కర్ర ఫెళ్ళుమంది కానీ పూర్తిగా విరగలేదు. లోపల పైనుంచి చిన్న రాళ్ళు రెండు జారిన చప్పుడు. ఇద్దరు సిపాయిలనీ వెనక్కి తోసి, తలుపు లాగి, గొలుసు పట్టుకుని గుంజాడు. ఉబైషత్ గడప మీద బోర్లా పడ్డాడు. కాళ్ళు ఇంకా లోపలే ఉన్నాయి. మరోసారి గుంజాడు.

అప్పుడు కప్పు దిగింది.

దుమ్ము తగ్గేదాకా ఎవరికీ ఎవరూ కనబడలేదు. ముందు వినబడింది రుఫినస్ గొంతు. "ఆ ఆడదాన్ని పట్టుకోండి."

పట్టుకోవలసిన పని లేదు. గమీలత్ వచ్చి అన్న పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో అతని కళ్ళలో పొడి తుడుస్తోంది. సిపాయిలు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ముందు చెయ్యి వెయ్యలేదు.

"ఎందుకు నోరు తెరిచావే అమ్మీ," అన్నాడు ఉబైషత్ దగ్గుతూ. "నేను ఒప్పేసుకున్నానుగా. ఇంత పని ఎందుకు చేశావు? ఏం చేశాడాయన నిన్ను?"

ఆమె కొంగు మడత మార్చి అతని నుదురు తుడిచింది.

ముసలివాడు మొకీమస్ వైపు తిరిగాడు. "అయ్యా, ఆ గదిలో తలుపు పైన నేను చెక్కిన రాయొకటి ఉంది. గీతలున్నాయి దాని మీద. ఇది రోజూ దాని కిందే నిలబడేదని కుర్రాళ్ళు చెప్పారు. మీకు ఎడారి రాత వచ్చునని బాసస్ చెప్పాడు. ఏముంది దాని మీద?"

గమీలత్ మొకీమస్‌ని చూడలేదు. అతని విరిగిన ఈటె కర్రని చూస్తోంది. సిపాయి ఒకడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె లేచి, అన్న తల మీద ఒకసారి అరచెయ్యి పెట్టింది.

"దాని మీద ఏమీ లేదన్నయ్యా," అంది. "గొర్రెలు కాసేవాళ్ళు గీసుకున్న గీతలు."